‘కాస్త నడవండి’ అంటే ఎంత? బైపాస్ తర్వాత పెద్దవాళ్లకు కావలసిన లెక్క

చెన్నైలో బైపాస్ చేయించుకున్న నెల్లూరు పెద్దాయన చేతికి డిశ్చార్జ్ రోజున నాలుగైదు కాగితాలు వస్తాయి. మాత్రల దగ్గర అంతా వివరంగా ఉంటుంది. పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, పొద్దునా రాత్రా, తిన్నాకా తినకముందా. అడుగున ఎక్కడో ఒక్క వాక్యం: ‘రోజూ కాస్త నడవాలి, బరువులు ఎత్తరాదు.’ ఎంతసేపు నడవాలి, ఎంత వేగంగా, ఎక్కడ ఆగాలి, ఏ వారానికి ఎంత పెంచాలి, బరువంటే ఎన్ని కిలోలు? ఇవేవీ ఉండవు. మాత్రకు మోతాదు ఉన్నట్టే నడకకూ మోతాదు ఉంది. అది రాసివ్వకపోతే ఇంట్లోవాళ్లు తమకు తోచింది చేస్తారు. తోచేది సాధారణంగా ఒకటే: మంచం దిగనివ్వకపోవడం.

దీనికి వైద్యంలో ఉన్న పద్ధతి కార్డియాక్ రిహాబ్. తెలుగులో పునరావాసం అంటే వరద బాధితులు గుర్తొస్తారు, రిహాబ్ అంటే మందు మాన్పించే కేంద్రం గుర్తొస్తుంది. అందుకేనేమో ‘మా నాన్నగారికి అదెందుకు’ అనే ప్రశ్న తరచూ ఎదురవుతుంది. ఇది గుండెపోటు, స్టెంట్ లేదా బైపాస్ తర్వాత సుమారు 12 వారాలు, వారానికి 3 రోజుల చొప్పున 36 సార్లు సాగే చికిత్స. కొలిచి ఇచ్చే వ్యాయామం దీనికి వెన్నెముక. దానితోపాటు బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ అదుపు, మాత్రలు మానకుండా చూడటం, తిండి, మనసు కూడా ఇందులో భాగమే. 2021లో వైద్య పరిశోధనలను కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 85 పరీక్షల్లోని 23,430 మంది ఫలితాలను కలిపి చూసింది. రిహాబ్ చేసినవాళ్లలో గుండె జబ్బుతో మరణాలు, మళ్లీ గుండెపోట్లు, ఆస్పత్రిలో చేరడాలు తగ్గాయి. ‘వ్యాయామం చేస్తుంటే ఏమన్నా అయితే?’ అన్న భయానికీ లెక్క ఉంది. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2007లో ఇచ్చిన అంచనా ప్రకారం పర్యవేక్షణలో జరిగే రిహాబ్‌లో గుండె ఆగిపోవడం 1,16,906 గంటల వ్యాయామానికి ఒకసారి.

మంచం చేసే నష్టం

గుండెపోటు వచ్చినవాళ్లను ఆరు వారాలు మంచానికే పరిమితం చేయడం ఒకప్పటి వైద్యం. 1952లో లెవైన్, లౌన్ అనే ఇద్దరు డాక్టర్లు రోగులను పగటిపూట కుర్చీలో కూర్చోబెట్టవచ్చని రాస్తే, అదే పెద్ద సాహసం అనిపించింది. 1966లో డాలస్‌లో అయిదుగురు ఇరవై ఏళ్ల యువకులను మూడు వారాలు మంచం మీద ఉంచి కొలిచారు. ఒంటికి ఆక్సిజన్ వాడుకునే గరిష్ఠ శక్తి నాలుగో వంతుకు పైగా పడిపోయింది. అదే అయిదుగురిని 30 ఏళ్ల తర్వాత మళ్లీ పరీక్షించారు. ముప్పై ఏళ్ల వయసు తీసిన దెబ్బ కంటే ఆ మూడు వారాల మంచం తీసిన దెబ్బే ఎక్కువగా తేలింది. ఇరవై ఏళ్లవాళ్ల సంగతే ఇలా ఉంటే, 72 ఏళ్ల వయసులో, పదేళ్ల షుగర్‌తో, కండ అప్పటికే తరిగిపోయిన మనిషి సంగతి చెప్పనక్కర్లేదు.

మన దేశంలో మొదటి బైపాస్ జరిగింది చెన్నైలోనే. 1975లో పెరంబూరు రైల్వే ఆస్పత్రిలో డాక్టర్ కె.ఎం. చెరియన్ చేశారు. ఆపరేషన్ అర్ధశతాబ్దంలో ఎంతో మారింది. ఇంటికొచ్చాక ‘నాన్నా, మీరు లేవకండి, నేను తెస్తాను’ అనే మాట మాత్రం మారలేదు. ఆ మాటలో ఉన్నది ప్రేమే. ఆ ప్రేమే తొడ కండరాలను కరిగిస్తోందని ఇంట్లోవాళ్లకు ఎవరో ఒకరు కూర్చోబెట్టి చెప్పాలి.

పెద్దవాళ్లకు ముందు కాళ్లు

యాభై ఏళ్ల మనిషికి రిహాబ్ అంటే ట్రెడ్‌మిల్. డెబ్బై అయిదేళ్ల మనిషిని నేరుగా ట్రెడ్‌మిల్ ఎక్కిస్తే రెండు నిమిషాల్లో దిగిపోతారు. ఆపింది గుండె అనుకుంటాం, నిజానికి చాలాసార్లు ఆపేది కాళ్లు. అందుకే పెద్దవాళ్లకు మొదట కొలవాల్సినవి మూడు. పాదాలు పక్కపక్కన, తర్వాత కాస్త ముందూ వెనకా, చివరికి మడమకు బొటనవేలు ఆనించి ఒక్కో తీరులో 10 సెకన్లు నిలబడగలరా? మామూలు నడకతో 4 మీటర్లు ఎన్ని సెకన్లలో వెళ్తారు? చేతులు ఛాతీమీద కట్టుకుని కుర్చీలోంచి 5 సార్లు లేచి కూర్చోవడానికి ఎంత పడుతుంది? ఒక్కోదానికి 4 చొప్పున మొత్తం 12 మార్కులు. 4 మీటర్లకు 5 సెకన్లు దాటినా, కుర్చీ పరీక్షకు 15 సెకన్లు దాటినా కాళ్లు బలహీనంగా ఉన్నట్టు, పడిపోయే ప్రమాదం ఉన్నట్టు.

ఈ దారి సరైనదని 2025లో గట్టి రుజువు వచ్చింది. ఇటలీలో గుండెపోటు వచ్చి ఒళ్లు బలహీనపడిన 512 మంది పెద్దవాళ్లను తీసుకున్నారు. వాళ్ల మధ్యస్థ వయసు 80. వ్యాయామం, తిండి సలహా, బీపీ–షుగర్ల అదుపు కలిపి ఇచ్చిన గుంపులో ఏడాదిలోపు గుండె సంబంధ మరణం లేదా అనుకోకుండా ఆస్పత్రిలో చేరడం 12.6 శాతం మందిలో జరిగింది. మామూలు వైద్యం మాత్రమే అందిన గుంపులో అది 20.6 శాతం. ‘ఈ వయసులో ఇంక వ్యాయామం ఎందుకు’ అనేవాళ్లకు ఆ 80 అంకె చూపించాలి.

ఇంట్లో మొదలుపెట్టే కాళ్ల పని చాలా సాదా. 18 అంగుళాల ఎత్తున్న, చక్రాలు లేని కుర్చీని గోడకు ఆనించాలి. పాదాలను మోకాళ్ల కంటే కాస్త వెనక్కి లాక్కుని, ముక్కు కాలివేళ్ల మీదికి వచ్చేదాకా ముందుకు వంగి, కాళ్ల బలంతో లేవాలి. మొదట 5 సార్లు, రెండు నిమిషాలు ఆగి ఇంకో 5 సార్లు. వారం గడిచాక 8, ఆ తర్వాత 10. లేచేటప్పుడు ఊపిరి బిగబడితే బీపీ ఒక్కసారిగా ఎగసి, వెంటనే పడుతుంది. దీనికి సులువైన ఉపాయం ‘ఒకటి... రెండు...’ అని పైకి లెక్కపెడుతూ లేవడం. మాట్లాడేవాళ్లకు ఊపిరి బిగబట్టడం కుదరదు. వంటగది గట్టు పట్టుకుని మడమలెత్తి దించడం 10 సార్లు, గోడ పక్కన అడుగుకు అడుగు ఆనించి నిలబడటం. ఇవి వారానికి మూడు రోజులు.

ఛాతీ ఎముక అతుకుతున్నప్పుడు

బైపాస్‌కు రొమ్ము ఎముకను నిలువునా కోసి, తీగతో కుడతారు. అది అతుక్కోవడానికి 6 నుంచి 8 వారాలు, షుగర్ ఉన్నవాళ్లకు ఇంకొంచెం ఎక్కువే. అప్పటిదాకా 4–5 కిలోలకు మించి ఎత్తకూడదు. చెన్నై ఇళ్లలో ఈ నియమం మొదట తప్పేది వాటర్ క్యాన్ దగ్గర. 20 లీటర్ల క్యాన్ అంటే 20 కిలోలు. వంచి బిందెలో పోసినా ఛాతీమీద లాగుడు పడుతుంది. తర్వాతి తప్పులు దండెం మీద తడి చీర ఆరేయడం, గ్రైండర్ రాయి ఎత్తడం, ఆటోలో కమ్మీ పట్టుకుని ఒంటిని పైకి లాక్కోవడం. మోచేతులు పక్కటెముకలకు దగ్గరగా ఉన్నంతవరకు చిన్న పనులు చేసుకోవచ్చు. చేతులు దూరంగా చాచి బరువు తీయడం, చేతులమీద ఒళ్లంతా మోపడం వద్దు. దగ్గు వస్తే దిండును ఛాతీకి హత్తుకుని దగ్గాలి. దగ్గినప్పుడు లోపల ‘టిక్’మని చప్పుడు లేదా ఎముక కదిలినట్టు అనిపించినా, గాయం ఎర్రబడినా, చీము కారినా, జ్వరం వచ్చినా సర్జన్‌కు అదే రోజు చూపించాలి.

మంచం మీంచి లేవడం ఒక్కటే సరిగ్గా నేర్పితే సగం నొప్పి తప్పుతుంది. వెల్లకిలా ఉన్న మనిషి మోకాళ్లు ముడుచుకుని, దిండు హత్తుకుని, భుజం నడుం ఒకేసారి తిరిగేలా దుంగలా పక్కకు దొర్లాలి. కాళ్లను మంచం అంచు దాటించి కిందికి జార్చాలి. ఆ కాళ్ల బరువే నడుం పైభాగాన్ని లేపుతుంది. మోచేయి ఆసరా మాత్రమే. కూర్చున్నాక ఒక నిమిషం ఆగాలి, ఆ తర్వాతే నిలబడాలి. మనుమడు రెండు చేతులు పట్టుకుని లాగి లేపడం చాలా ఇళ్లలో కనిపిస్తుంది. అది కుట్టుమీద పడే లాగుడు, దాన్ని పూర్తిగా మానిపించాలి. పీటమీద పూజ, నేలమీద భోజనం, ఇండియన్ టాయిలెట్ కూడా రెండు నెలలు పక్కన పెట్టాలి. నేలమీంచి లేవాలంటే చేతులు మోపక తప్పదు కాబట్టి. మలబద్ధకంతో ముక్కడం గుండెకూ మంచిది కాదు. అవసరమైతే డాక్టరును అడిగి ఇసబ్గోల్ వాడుకోవచ్చు. స్టెంట్ మాత్రమే వేయించుకున్నవాళ్లకు ఈ ఎముక బాధ లేదు. మణికట్టు లోంచి వేసుంటే ఆ చేత్తో కొన్ని రోజులు బరువు ఎత్తకపోతే చాలు.

నడకకు మోతాదు

ఇంటికొచ్చిన మొదటి వారం ఒక్కోసారి 5 నిమిషాల చొప్పున రోజుకు నాలుగుసార్లు. రెండు మూడు రోజులకోసారి నిమిషమో రెండు నిమిషాలో పెంచుతూ పోతే నాలుగో వారానికి ఏకబిగిన 20 నిమిషాలు, ఆరో వారానికి 30 నిమిషాలు వస్తాయి. ముందు సమయం పెంచాలి, అది కుదిరాక వేగం, చివరికి ఎత్తెక్కే దారి. ఒకేరోజు వీటిలో ఏ రెండూ పెంచకూడదు.

వేగం సంగతికొస్తే, నిమిషానికి గరిష్ఠ నాడి ఎంతో తెలుసుకోవడానికి 220లోంచి వయసు తీసేసే సూత్రాన్ని ఇక్కడ నమ్ముకోకూడదు. గుండె రోగుల్లో చాలామంది మెటోప్రొలాల్ లాంటి బీటా బ్లాకర్ వేసుకుంటారు. అది నాడిని పైకి వెళ్లనివ్వదు. 72 ఏళ్ల మనిషికి సూత్రం ప్రకారం గరిష్ఠం 148, అందులో 70 శాతం 104. కానీ ఆ మాత్ర మీద ఉండగా ట్రెడ్‌మిల్ పరీక్షలో అతని నాడి 112 దగ్గరే ఆగిపోయిందనుకుందాం. అప్పుడు 104 అంటే దాదాపు పరుగు. సరైన లెక్క ఇది: విశ్రాంతి నాడి 64, గరిష్ఠం 112, తేడా 48. అందులో 40 నుంచి 60 శాతం అంటే 19 నుంచి 29. దానికి 64 కలిపితే 83 నుంచి 93. ట్రెడ్‌మిల్ పరీక్ష ఇంకా చేయనివాళ్లకు విశ్రాంతి నాడికి 20 కలిపితే సురక్షితమైన మొదలు. ఈ లెక్కలేవీ పట్టనివాళ్లకు మాటే కొలత. నడుస్తూ ఒక పూర్తి వాక్యం మాట్లాడగలగాలి, పద్యం రాగం తీసి పాడలేకపోవాలి. రాగం తీయగలిగితే కాస్త వేగం పెంచవచ్చు. మూడు మాటలకు ఆగాల్సివస్తే తగ్గించాలి.

నడక మొదట్లో కొంతసేపు నెమ్మదిగా, చివర్లో కొంతసేపు మళ్లీ నెమ్మదిగా. చివరిదాన్ని చాలామంది వదిలేస్తారు, ఇబ్బంది అక్కడే. వ్యాయామంలో కాళ్ల రక్తనాళాలు విప్పారి ఉంటాయి. గబుక్కున ఆగి నిలబడితే రక్తం కాళ్లలో నిలిచి బీపీ పడుతుంది, కళ్లు బైర్లు కమ్ముతాయి. బీపీ మాత్ర, ఛాతీనొప్పికిచ్చే నైట్రేట్, ప్రొస్టేట్‌కు వాడే మాత్ర మూడూ వేసుకునే పెద్దాయనకు ఇంకా ఎక్కువ. అయిదు నిమిషాలు పడుకుని ఒకసారి, లేచి నిలబడి ఒక నిమిషానికి, మూడు నిమిషాలకు బీపీ చూడాలి. పై అంకె 20 పడితే వ్యాయామం కంటే ముందు మాత్రల సమయాలు సర్దాలి. రక్తం పలచబరిచే మాత్రలమీద ఉన్న పెద్దవాళ్లు పడి తలకు దెబ్బ తగిలితే, పైకి గాయం లేకపోయినా ఆస్పత్రికి వెళ్లాలి.

పురోగతి చూడటానికి ఆస్పత్రుల్లో 30 మీటర్ల వరండాలో 6 నిమిషాల నడక పరీక్ష పెడతారు. మొదటిసారి కంటే పాతిక మీటర్లు పెరిగితే చెప్పుకోదగ్గ మార్పు. ఇంటి దగ్గర దూరం కొలవడానికి అపార్ట్‌మెంట్ వరండాలో టైల్స్ చాలు. రెండడుగుల టైల్స్ 50 అంటే 100 అడుగులు, సుమారు 30 మీటర్లు. 15 టైల్సే ఉంటే మలుపులు ఎక్కువై దూరం తగ్గుతుంది. కాబట్టి ఆ అంకెను ఆస్పత్రి అంకెతో పోల్చకూడదు, అదే వరండాలో వచ్చిన పాత అంకెతోనే పోల్చాలి.

చెన్నై గాలి, చెన్నై ఇసుక

మెరీనా ఇసుకలో నడిస్తే గుండెకు మంచిదన్న నమ్మకం గట్టిగా ఉంది. మెత్తటి ఇసుకలో నడకకు గట్టి నేలకంటే రెండింతలకు పైగా శక్తి కావాలి. మొదటి మూడు నెలలు ఇసుక వద్దు, పక్కనున్న కాలిబాట చాలు. మైలాపూరులో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి పేరున్న పార్కు, టి. నగర్‌లో పానగల్ రాజావారి పేరున్న పార్కు లాంటివి నయం. నీడ, కూర్చోవడానికి బల్లలు, చుట్టూ మనుషులు ఉంటారు. చెప్పుల్లేకుండా మాత్రం వద్దు. షుగర్‌తో పాదం మొద్దుబారినవాళ్లకు ముల్లు గుచ్చుకున్నా తెలియదు. గుడి ప్రదక్షిణ చేసి వచ్చాక కూడా అరికాళ్లు చూసుకోవాలి.

నెల్లూరు ఎండ ఎరిగినవాళ్లు చెన్నై ఎండను తక్కువగా చూస్తారు. రోళ్లు పగిలే రోహిణి కార్తెకు ముందే ఇక్కడ కత్తిరి (తమిళనాడులో మండువేసవి రోజులు) మొదలవుతుంది. పైగా సముద్రపు తేమ వల్ల చెమట పట్టినా ఆరదు, ఒళ్లు చల్లబడదు. చర్మానికి రక్తం పంపడానికి గుండె అదనంగా కొట్టుకుంటుంది. డిసెంబరులో 85 నాడితో నడిచిన దూరానికే మేలో 95 కావచ్చు. కాబట్టి వేసవిలో దూరం పట్టుకుని కూర్చోకూడదు, నాడినీ మాటనూ చూసి నడవాలి. పొద్దున ఆరున్నరలోపు ముగించాలి, లేదా వరండాలో ఫ్యాన్ కింద. నీరు పోయే మాత్ర వాడేవాళ్లు ఎన్ని నీళ్లు తాగాలో డాక్టరును అంకెలో చెప్పమనాలి. పంపింగ్ (రక్తాన్ని తోసే శక్తి) తగ్గిన గుండెకు ఎక్కువా ప్రమాదమే, తక్కువా ప్రమాదమే. రోజూ పొద్దున టాయిలెట్‌కి వెళ్లొచ్చాక, టిఫిన్‌కు ముందు బరువు చూసుకోవాలి. మూడు రోజుల్లో 2 కిలోలు పెరిగితే అది తిండి కాదు, నీరు.

ఖాళీ కడుపు, షుగర్ మాత్ర

పొద్దున నడకలో కుప్పకూలడానికి తరచూ దొరికే కారణం గుండె కాదు. గ్లిమెపిరైడ్ లాంటి మాత్రో ఇన్సులినో వేసుకుని, కాఫీ కూడా తాగకుండా అరగంట నడవడం. షుగర్ పడితే మామూలుగా గుండె దడ, చేతుల వణుకు ముందు హెచ్చరిస్తాయి. బీటా బ్లాకర్ ఆ రెంటినీ దాచేస్తుంది. మిగిలేది చెమట ఒక్కటే, చెన్నైలో దాన్నెవరు పట్టించుకుంటారు? అలాంటి మాత్రల మీద ఉన్నవాళ్లకు నడకకు ముందు షుగర్ 100 కంటే తక్కువుంటే ఒక అరటిపండో నాలుగు బిస్కెట్లో తిని, కాసేపాగి బయల్దేరాలి. 250 దాటి, ఒంట్లో నలతగా కూడా ఉంటే ఆ రోజు వ్యాయామం వద్దు. కడుపు నిండా భోజనం చేశాక మాత్రం గంటన్నర, రెండు గంటలు ఆగాలి.

విశ్రాంతిగా ఉన్నప్పుడే బీపీ పై అంకె 180 దాటినా, నాడి 120 దాటినా, కొత్తగా తాళం తప్పినా, జ్వరం ఉన్నా ఆ రోజు సెలవు. బైపాస్ తర్వాత మొదటి వారాల్లో పెద్దవాళ్లలో నాడి తాళం తప్పడం అరుదేమీ కాదు, కనిపిస్తే ఈసీజీ తీయించాలి. నడుస్తుండగా ఛాతీ బరువు, దవడకో చేతికో పాకే నొప్పి, మునుపు లేని ఆయాసం వస్తే అక్కడే కూర్చోవాలి. డాక్టరు రాసిచ్చి ఉంటే ఛాతీనొప్పికిచ్చే నైట్రేట్ మాత్ర సార్బిట్రేట్ 5 మి.గ్రా. నాలుక కింద. నిలబడి వేసుకుంటే బీపీ పడి మనిషే పడతారు. 5 నిమిషాల్లో తగ్గకపోతే 108కి ఫోన్. షుగర్ ఉన్న పెద్దవాళ్లకు నొప్పి రాకుండా ఆయాసమో నీరసమో మాత్రమే రావచ్చు. సార్బిట్రేట్ మాత్ర పెద్దాయన జేబులోనే ఉండాలి, కొడుకు బ్యాగులో ఉంటే లేనట్టే. అంగస్తంభన కోసం సిల్డెనాఫిల్ లాంటి మాత్రలు వాడేవాళ్లకు సార్బిట్రేట్ ప్రాణాంతకం కావచ్చు, మొహమాటపడకుండా డాక్టరుకు చెప్పాలి.

యోగా సంగతి అందరూ అడుగుతారు. మన దేశంలో 24 ఆస్పత్రుల్లో 3,959 మందిమీద యోగా ఆధారంగా రిహాబ్ చేసి చూశారు, ఫలితాలు 2020లో వచ్చాయి. మరణాలు, గుండెపోట్లు గణనీయంగా తగ్గినట్టు తేలలేదు. కానీ వాళ్లు ఒంట్లో బాగుందని చెప్పడం, పాత పనుల్లోకి తిరిగి రావడం మెరుగుపడ్డాయి. నడకతోపాటు చేయదగ్గదే. ఊపిరి బిగబట్టే కుంభకం, సర్వాంగాసనం, శీర్షాసనం మాత్రం వద్దు.

తిండిలో రెండు తప్పులు చాలు చెప్పడానికి. ఉప్పు రోజుకు అన్నిటికీ కలిపి ఒక చెంచా, 5 గ్రాములలోపు. కూరలో తగ్గించి ఆవకాయ, అప్పడం, ఊరమిరపకాయలు వదలకపోతే లాభం లేదు. తక్కువ సోడియం ఉప్పుల్లో పొటాషియం ఉంటుంది, కిడ్నీ బలహీనంగా ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా వాడకూడదు. రెండోది, గుండె జబ్బని జావకీ ఇడ్లీకీ దిగిపోవడం. కండ నిలవాలంటే కిలో బరువుకు రోజుకు 1 నుంచి 1.2 గ్రాముల ప్రొటీన్ కావాలి. 60 కిలోల మనిషికి 60 గ్రాములు దాటాలి. గుడ్డులో 6 గ్రాములు, గ్లాసు పాలలో 6–7 గ్రాములు. ముద్దపప్పు, పెరుగు, శనగలు పూటపూటా ఉంటే తప్ప ఆ లెక్క నిండదు. కిడ్నీ జబ్బు ఉంటే ఈ అంకె మారుతుంది.

ఆడవాళ్లకు రిహాబ్ అన్నమాటే చాలాసార్లు రాదు. ‘ఇంటిపని చేస్తూనే ఉంటుందిగా’ అంటారు. ఇంటిపనిలో అలసట ఉంటుంది, క్రమంగా పెరిగే మోతాదు ఉండదు. ఎముక అతకకముందే గ్రైండర్ దగ్గరికి వెళ్లేదీ వాళ్లే. ఇక గుండెపోటు తర్వాత సుమారు అయిదుగురిలో ఒకరికి డిప్రెషన్ వస్తుంది. పెద్దవాళ్లలో అది ఏడుపులా కనిపించదు. పేపర్ చదవడం మానేస్తారు, ఫోన్ ఎత్తరు, నడకకు రోజూ ఒక సాకు చెబుతారు. రెండు వారాలు ఇలాగే ఉంటే బద్ధకం అని సరిపెట్టుకోకుండా డాక్టరుకు చెప్పాలి. దానికీ చికిత్స ఉంది.

రైలెక్కే ముందు

నెల్లూరు చెన్నైకి 175 కిలోమీటర్లు. వారానికి మూడుసార్లు ఎవరూ రాలేరు. 36 సెషన్లూ ఆస్పత్రిలోనే కావాలని పట్టుబడితే అసలు రిహాబే జరగదు. ప్రమాదం తక్కువగా ఉన్నవాళ్లకు ఇంటి దగ్గర చేసే రిహాబ్ ఫలితాలు కేంద్రంలో చేసినదానికి దగ్గరగానే ఉన్నాయని పరిశోధనలు చెబుతున్నాయి. పంపింగ్ 40 శాతం కంటే తక్కువున్నవాళ్లు, నడిస్తే ఇంకా ఛాతీనొప్పి వచ్చేవాళ్లు, నాడి తాళం తప్పేవాళ్లు మాత్రం మొదటి వారాలు పర్యవేక్షణలోనే చేయాలి. మిగతావాళ్లు చెన్నైలో చుట్టాలింట్లోనో లాడ్జిలోనో ఉండే ఆ పది పదిహేను రోజుల్లోనే నాలుగైదు సెషన్లు చేయించుకుని, నాడి చూసుకోవడం, మంచం దిగడం, ఎక్కడ ఆగాలో నేర్చుకుని వెళ్లాలి. వెళ్లేముందు ఒక కాగితం అడిగి తీసుకోవాలి. అందులో ఎకో (గుండె స్కాన్)లో వచ్చిన పంపింగ్ శాతం, విశ్రాంతి నాడి, వ్యాయామంలో చేరాల్సిన నాడి, ఏ బీపీకి ఆపాలి, చేతుల బరువులు ఏ తేదీ నుంచి, ఎవరికి ఫోన్ చేయాలి అన్నవి ఉండాలి. ఊళ్లోని ఫిజియో ఆ కాగితం చూసి పని కొనసాగించగలరు.

టికెట్ లోయర్ బెర్తే తీసుకోవాలి, సూట్‌కేసు వేరెవరైనా మోయాలి. ఊరు చేరాక ఒక నోటు పుస్తకంలో రోజుకో వరుస: పొద్దున బరువు, బీపీ, నాడి, ఎన్ని నిమిషాలు నడిచారు, కుర్చీ నుంచి ఎన్నిసార్లు లేచారు. జ్వరమో వానో పెళ్లో వచ్చి వారం ఆగిపోతే, మళ్లీ మొదలుపెట్టేటప్పుడు ఆగినచోట నుంచి కాకుండా అందులో సగం నుంచి. 12వ వారం చెన్నై రివ్యూకి మాత్రల కవరుతోపాటు ఆ పుస్తకమూ డాక్టరు బల్లమీద పెట్టి, ఆరు నిమిషాల నడక, కుర్చీ పరీక్ష మళ్లీ చేయమని అడగాలి.